ప్రతిపదార్థం: తెలుగులో శాస్త్ర గ్రంథాల నడక

తెలుగులో దొరుకుతున్న శాస్త్ర గ్రంథాల్లో మొదటిది పావులూరి మల్లన రాసిన ‘సారసంగ్రహ గణితం’. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసారసంగ్రహం’ దీనికి మూలం. మల్లన 11వ శతాబ్దివాడని ఎక్కువమంది అంటారు, ఆ తర్వాతివాడనే వాదమూ ఉంది. కాలం సంగతి ఎలా ఉన్నా, ఆయన చేసిన పని మాత్రం గమనించదగ్గది. లెక్కల పుస్తకాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. మూలంలోని జైన ప్రస్తావనల చోట శైవాన్ని తెచ్చాడు, ఉదాహరణలను తన పాఠకుడికి అలవాటైన లోకంలోకి మార్చాడు. సూత్రాన్ని ఉన్నదున్నట్టు ఉంచి, దాని చుట్టూ ఉన్న బతుకును మార్చడం ఆయన పద్ధతి. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత అర్థశాస్త్రం, ఇంజనీరింగ్, విద్య గురించి తెలుగులో రాయబోయినవారందరికీ ఎదురైన చిక్కు ఇదే. కొందరు మల్లన దారి పట్టారు. ఎక్కువమంది పట్టలేదు.

ఆ దారిని వదలకుండా పట్టుకున్నవి ఆధ్యాత్మిక గ్రంథాలు. 1850లలో మద్రాసులో మొదలైన వావిళ్లవారి ముద్రణ నుంచి గోరఖ్‌పూర్ గీతా ప్రెస్ తెలుగు ప్రచురణల దాకా, శ్రీకాళహస్తి శుకబ్రహ్మాశ్రమం విద్యాప్రకాశానందగిరి స్వామి ‘గీతామకరందం’తో కలిపి, ఈ పుస్తకాల అమరిక దాదాపు ఒక్కటే. ముందు మూలశ్లోకం తెలుగు లిపిలో ఉంటుంది. దాని కింద ప్రతిపదార్థం. సంధులు విడగొట్టి, మాటలను అన్వయక్రమంలోకి తెచ్చి, ఒక్కొక్క మాట ఎదుట సమానం గుర్తు పెట్టి అర్థం ఇస్తారు. ఆ తర్వాత తాత్పర్యం, ఆపైన విశేషాలు. సంస్కృతం ఒక్క అక్షరం చదవని రైతు కూడా ఆ పేజీలో ఎక్కడో ఒకచోట కాలు పెట్టుకోగలడు. తాత్పర్యంతో మొదలుపెట్టి వెనక్కి వెళ్లేవాడు వెళతాడు. నాలుగేళ్లు అదే పుస్తకం తిప్పినవాడు ప్రతిపదార్థం చూడకుండానే శ్లోకాన్ని విడగొట్టగలుగుతాడు. పాఠకుడికి అర్థం చెప్పడంతో ఆగక, ఆ శాస్త్రపు భాషను కూడా నేర్పే అమరిక ఇది. వేదాంతం సులువైన విషయమేమీ కాదు. క్షేత్రజ్ఞుడు, ఉపాధి, అధ్యాస వంటి మాటలు ఏ అర్థశాస్త్ర పదానికీ తీసిపోనంత బరువైనవి. అయినా ఆ మాటలు అరుగుల మీద నలిగాయి.

అచ్చు యుగంలో లౌకిక శాస్త్రాలకు తెలుగులో దారి వేసినవారిలో కందుకూరి వీరేశలింగం ముందుంటారు. జ్యోతిశ్శాస్త్ర సంగ్రహం, శరీరశాస్త్ర సంగ్రహం ఆయన రాసినవే. ఆ పనిని ఒక్కరి ఓపిక మీద వదిలేయకుండా సంస్థగా నిలబెట్టింది విజ్ఞాన చంద్రికా మండలి. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు హైదరాబాదులో దీన్ని పెట్టారు, తర్వాత ఇది మద్రాసుకు మారింది. కథలు, కావ్యాలు చదివే చేతుల్లో చరిత్ర, జీవశాస్త్రం, రసాయనశాస్త్రం పెట్టాలన్నది మండలి పట్టుదల. మొదటి పుస్తకం గాడిచర్ల రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. కేంబ్రిడ్జిలో చదివి వచ్చిన కట్టమంచి రామలింగారెడ్డి చేత అర్థశాస్త్రం మీద పుస్తకం రాయించిందీ ఈ మండలే. ‘కవిత్వతత్త్వ విచారము’ రాసిన చేయి శ్రమ, మూలధనం, వినిమయం గురించి కూడా అంతే ధీమాగా రాయడం ఆ తరంలో సాధ్యమైంది. విషయం తెలిసినవాడికి భాషా తెలియడం అప్పట్లో మామూలు సంగతి.

లక్ష్మణరావు తలపెట్టిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మూడు సంపుటాలయ్యేసరికి ఇంకా ‘అ’ అక్షరం దాటలేదు. 1923లో ఆయన పోయారు. ఒక భాషకు ఉన్న శాస్త్ర దాహం ఎంతో, దాన్ని తీర్చేవారి సంఖ్య ఎంతో ఈ మూడు సంపుటాలను చూస్తే తెలుస్తుంది. ఆ తరం పుస్తకాలకు ఒక అడ్డంకి మాత్రం ఉండేది. అవి ఎక్కువగా గ్రాంథికంలో ఉన్నాయి. గిడుగు రామమూర్తి వాదమంతా కావ్యభాష గురించేనని చాలామంది అనుకుంటారు గాని, ఆయన వృత్తిరీత్యా బడిపంతులు. పాఠం అర్థం కావడం, వ్యాసం రాయగలగడం ఆయన అసలు బాధ. బడిలో చెప్పే శాస్త్రం వాడుక మాటలో ఉండాలన్న ఆ వాదానికి పాఠ్యపుస్తకాల దాకా రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది.

ఈలోగా హైదరాబాదులోనే మరో ప్రయోగం నడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. అంతకు ఏడాది ముందే అనువాదాల కోసం దారుల్ తర్జుమా అనే విభాగాన్ని నెలకొల్పారు. అరబ్బీ, ఫార్సీ మూలాల నుంచి మాటలు కట్టి, వైద్యం, ఇంజనీరింగ్ సహా ఉన్నత విద్యను ఒక దేశభాషలో చెప్పవచ్చని అది చూపించింది. అయితే నిజాం రాజ్యంలో ఎక్కువమంది మాతృభాష ఉర్దూ కాదు. 1948 తర్వాత ఆ ప్రయోగం ఆగిపోయింది. తెలుగుకు అలాంటి ఏర్పాటు 1968లో వచ్చింది. పి.వి. నరసింహారావు అధ్యక్షుడిగా తెలుగు అకాడమి ఏర్పడి, ఇంటర్మీడియెట్, డిగ్రీ పుస్తకాలు, శాస్త్రాలవారీగా పారిభాషిక పదకోశాలు వేసింది. ఇవాళ హైదరాబాదు చిక్కడపల్లి గ్రంథాలయంలో పొద్దున్నే కుర్చీ కోసం పోటీపడే గ్రూప్స్ అభ్యర్థుల చేతుల్లో కనిపించే అర్థశాస్త్రం చాలావరకు ఆ అకాడమి వారసత్వమే.

పదాల తయారీలో అకాడమి పండితులు చేసిన పనిని ఎగతాళి చేయడం సులువు. కొన్నిచోట్ల ఆ పని చాలా తెలివైనది. ఇంగ్లీషులో ఎలాస్టిసిటీ అనే ఒక్క మాటకు తెలుగు భౌతికశాస్త్రంలో ‘స్థితిస్థాపకత’, అర్థశాస్త్రంలో ‘వ్యాకోచత్వం’ అని రెండు మాటలున్నాయి. లాగి వదిలిన తీగ తన పూర్వస్థితికి వస్తుంది గనుక మొదటి మాట సరిపోయింది. ధర తగ్గినప్పుడు గిరాకీ సాగుతుందే తప్ప తనంతట తాను వెనక్కి రాదు. అందుకే రెండో మాట. ఇంగ్లీషు కలిపి చెప్పినదాన్ని తెలుగు విడదీసి చెప్పింది. బలానికి లోనైన వస్తువు ఆకారంలో వచ్చే మార్పును ‘వికృతి’ అనడం మాత్రం కాస్త ఇబ్బందే. పంచాంగం చదివేవారికి అది ఒక సంవత్సరం పేరు, మిగతావారికి అందవిహీనం. ‘ద్రవ్యోల్బణం’ కూడా పుట్టినప్పుడు ఇంత బరువూ మోసింది. పత్రికలు రోజూ వాడడంతో కూరగాయల బజారు దాకా వచ్చేసింది. మాట కష్టమైనదా సులువైనదా అన్నదానికన్నా అది పరీక్ష హాలు బయట తిరిగిందా లేదా అన్నదే దాని ఆయుష్షును తేల్చింది.

తిరగనివాటిలో ‘క్షీణోపాంత ప్రయోజన సూత్రం’ ఒకటి. వేలాదిమంది విద్యార్థులు దీన్ని ఒక్క ఊపిరిలో అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నారు. గీత పుస్తకానికి చేసిన మర్యాదే దీనికీ చేస్తే ఎలా ఉంటుందో చూడవచ్చు. క్షీణ = తగ్గుతూ పోయే; ఉపాంత = అంచున, అంటే చివరగా వచ్చి చేరిన; ప్రయోజన = తృప్తిని గురించిన; సూత్రం = నియమం. తాత్పర్యం: వేసవిలో రోడ్డు పక్కన తాటిముంజలు తింటున్నప్పుడు మొదటి ముంజకు ప్రాణం లేచి వస్తుంది, రెండోది బాగుంటుంది, ఆరోది మొహమాటానికి తింటారు. ఆ ఆరోదాని వల్ల అదనంగా కలిగిన తృప్తే అప్పటి ఉపాంత ప్రయోజనం. విశేషం: మొత్తం తృప్తి పెరుగుతూనే ఉండవచ్చు, పెరిగే వేగం మాత్రం తగ్గుతుంది, అందుకే ఎక్కువ కాయలు కొనాలంటే అమ్మేవాడు ధర తగ్గించాలి. మాటను మార్చనక్కర లేకపోయింది. విప్పితే చాలింది. పాఠ్యపుస్తకాల్లో సాధారణంగా కనిపించేది నిర్వచనం, దాని కింద పట్టిక, ఆ కింద రేఖాపటం. విప్పే పని ఉపాధ్యాయుడి నోటికి వదిలేస్తారు.

వడ్డీ విషయంలో ఈ ఎడం ఇంకా స్పష్టం. తెలుగు పల్లెల్లో వడ్డీని నూటికి నెలకు ఇన్ని రూపాయలని చెబుతారు. ప్రాంసరీ నోటు మీద రాసే ‘రెండు రూపాయల వడ్డీ’ ఏడాదికి 24 శాతం. పదివేలు తీసుకుంటే నెలకు 200, ఏడాదికి బారువడ్డీ 2,400. నెలనెలా కట్టకుండా వడ్డీని అసలులో కలుపుతూ పోతే ఏడాది చివరికి అప్పు 12,682 రూపాయలవుతుంది. బ్యాంకు చెప్పే 12 శాతం ఊరి లెక్కలో రూపాయి వడ్డీ. ఈ నాలుగు వాక్యాలతో మొదలయ్యే పరపతి అధ్యాయం ఉంటే, ఆ పుస్తకం కాలేజీకి వెళ్లని ఇంట్లో కూడా పనికొస్తుంది. మల్లన ఉండి ఉంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టేవాడేమో.

ఇంజనీరింగ్‌లో లోటు మరీ ఎక్కువ, వింత కూడా. కాకతీయుల కాలం నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువుల నుంచి ధవళేశ్వరం ఆనకట్ట దాకా నీటి నిర్మాణాల్లో ఈ నేలకు లోటు లేదు. నాగార్జునసాగర్ ప్రధాన డ్యాం రాతికట్టడం. రాయి మీద రాయి పెట్టి మనుషులు కట్టింది. పాలమూరు కూలీలు దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి మోశారు. కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టిన ఇంజనీరు కానూరి లక్ష్మణరావు కేంద్ర నీటిపారుదల మంత్రిగా కూడా పనిచేశారు. దేశ జలసంపద మీద ఆయన 1975లో వెలువరించిన గ్రంథం ‘ఇండియాస్ వాటర్ వెల్త్’ ఇంగ్లీషులో ఉంది. అఖిల భారత పాఠకుల కోసం అది సహజమే. తెలుగులో మాత్రం ఆ స్థాయి పుస్తకానికి చోటు ఖాళీగానే ఉండిపోయింది. పుస్తకాల అంగడికి వెళ్లి ఇల్లు కట్టడం గురించి పుస్తకం కావాలంటే చేతికొచ్చేది చాలాసార్లు వాస్తు గ్రంథమే. ఈశాన్యం గురించి అందులో ముప్పై పేజీలుంటాయి, సిమెంటును ఎన్నాళ్లు తడపాలన్నది మేస్త్రీని అడగాలి.

మాటలు లేక కాదు. తెలంగాణ చెరువు ఒక్కదానికే ఒక శాస్త్ర పరిభాష ఉంది. నీటిని ఆపేది కట్ట. పొలానికి వదిలేది తూము. నిండాక మిగులు నీరు పొర్లిపోయేది మత్తడి, కోస్తాలో దాన్నే అలుగు అంటారు. నీరు నిలిచే నేల శిఖం. పారే నేల ఆయకట్టు. తూము దగ్గర వంతులు చూసేవాడు నీరటి. మత్తడి ఎత్తు పెంచితే శిఖం మునుగుతుంది, తగ్గిస్తే ఆయకట్టు ఎండుతుంది. ఈ ఒక్క వాక్యంలో జలాశయ రూపకల్పనలోని మూల సమస్య అంతా ఉంది. టీఎంసీ, క్యూసెక్కు వంటి కొత్త కొలతలూ ఇప్పుడు జనం నోట్లో ఉన్నాయి. టీఎంసీ అంటే 100 కోట్ల ఘనపుటడుగులు. క్యూసెక్కు సెకనుకు ఒక ఘనపుటడుగు గనుక రోజుకు 86,400 ఘనపుటడుగులు. అంటే 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. అది దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలిచే నీరు. పేపరులో రోజూ ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో చదివే రైతుకు ఈ లెక్క అందించడానికి పుస్తకం కావాలి. 2021–22లో అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతితో 8 రాష్ట్రాల్లో 14 కళాశాలలు, తెలుగుతో కలిపి 5 భాషల్లో బీటెక్ చెప్పడానికి ముందుకొచ్చాయి, అనువాద పాఠ్యపుస్తకాలూ మొదలయ్యాయి. ఆ పుస్తకాలు మత్తడిని ఏ పేరుతో పిలుస్తాయన్నది చిన్న విషయం కాదు.

విద్య గురించిన పుస్తకాల సంగతి వేరు. బీఎడ్, డీఎడ్ పరీక్షల గైడ్లను పక్కన పెడితే, తెలుగు ఉపాధ్యాయులు ఒకరి నుంచి ఒకరు అడిగి తీసుకుని చదివినవి సిద్ధాంత గ్రంథాలు కావు. గుజరాతీలో గిజుభాయి బధేకా 1932లో రాసిన ‘దివాస్వప్న’ ‘పగటికల’గా వచ్చింది. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి ‘తొత్తొచాన్’ ‘రైలుబడి’గా వచ్చింది. పాత రైలు పెట్టెలే తరగతి గదులైన తొమొయె బడి కథ అది. ఆ బడి 1945 బాంబుదాడుల్లో కాలిపోయింది. చలం ‘బిడ్డల శిక్షణ’ ఈ అనువాదాలకు ముందే ఉంది. మూడింటిలోనూ శాస్త్రం ఒక తరగతి గదిలోనో, ఒక ఇంట్లోనో జరిగే పనిగా కనిపిస్తుంది. ఈ రంగంలో తెలుగు పాఠకుడికి దక్కిన మేలు అనువాదాల ద్వారా దక్కిందే ఎక్కువ.

శాస్త్రాన్ని పరీక్ష బయటి పాఠకుడికి చేర్చినవారూ ఉన్నారు. పత్రికా సంపాదకుడు నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’, ‘నరావతారం’ రాశారు. అమెరికాలో కంప్యూటర్ శాస్త్రం బోధించిన వేమూరి వేంకటేశ్వరరావు ‘రసగంధాయ రసాయనం’ వంటి పుస్తకాలతోపాటు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూర్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’ను తెచ్చింది. 1969లో మొదలైన ‘అన్నదాత’ మాసపత్రిక ఎరువుల మోతాదులు, తెగుళ్ల లక్షణాలను ఇంటింటి మాట చేసింది. వీరందరిలో ఉమ్మడిగా కనిపించేది ఒకటే: పాఠకుడికి ఇంగ్లీషు రాదని అనుకున్నారే తప్ప, తెలివి లేదని అనుకోలేదు.

చివరగా, పుస్తకాల్లో విమర్శకులు పట్టించుకోని ఒక భాగం ఉంది. 700 శ్లోకాల గీతకు తెలుగులో వేసే మంచి ముద్రణ వెనక అకారాది శ్లోకానుక్రమణిక ఉంటుంది. సగం శ్లోకం గుర్తున్నా పేజీ పట్టుకోవచ్చు. అర్థశాస్త్రం, ఇంజనీరింగ్ పుస్తకాల వెనక పదసూచిక కనిపించడం అరుదు. విద్యార్థి వరుసగా చదివి పరీక్ష రాస్తాడు, వెతుక్కునే అవసరం లేదనేది దీని వెనక ఉన్న ఊహ. దీనికి అచ్చు గదికి సంబంధించిన కారణమూ ఒకటుంది. దశాబ్దాలపాటు తెలుగు డీటీపీ చాలావరకు యూనికోడ్ కాని అను ఫాంట్లలో నడిచింది. వాటిలో అక్షరానికి కాక గుణింతపు ముక్కలకు, వత్తులకు సంకేతాలుంటాయి గనుక కంప్యూటరు ‘క’ తర్వాత ‘ఖ’ వస్తుందని ఎరగదు, మాటను వెతకలేదు, అకారాదిగా పేర్చలేదు. పదసూచిక కావాలంటే ఎవరో ఒకరు చీటీల మీద మాటలు రాసుకుని, నేల మీద పరిచి, చేత్తో వరుస పెట్టాలి. యూనికోడ్‌లో కూర్చే పుస్తకాలకు ఈ పని గంటలోది. పాత పుస్తకాల్ని మళ్లీ అచ్చు వేసేటప్పుడు మాత్రం చాలావరకు ఆ పాత ఫైళ్లనే తెరుస్తున్నారు, వెనక పేజీలు ఖాళీగానే వస్తున్నాయి.