అల్యూమినియపు రేకుపై చారలు



నా బాల్యమున ఆమదాలవలస చక్కెర కర్మాగారమునకు చెఱకు బండ్లు బారులు తీరి పోవుచుండెడివి. తుపాను వానకు నానిన దారిలో, కదలుచున్న బండి కదలుచునే యుండును. క్షణము నిలిచెనా, చక్రము బురదలో దిగబడును. ఎడ్లు మెడలు వంచి లాగగా, పట్టు విడిన బండి ఒక్క ఉదుటున ముందుకు దూకును. నేడు నేను మనవి చేయబోవు లోహపు సంగతి ఈ దృశ్యమును పోలినదే.

వంటగిన్నెల అల్యూమినియము ఇంచుమించు శుద్ధమైనది, మెత్తనిది. పడవలకును, మోటారుబండ్లకును గట్టిదనము కావలెను గనుక అందు నూటికి 3 మొదలు 5 పాళ్ల వఱకు మెగ్నీషియము కలుపుదురు. అట్టి రేకును రెండు కొనల బట్టి మెల్లగ లాగినచో అది అంతటను సమానముగా సాగదు. ఒకచోట సన్నని పట్టీ సాగును. అది ఆగి మఱియొక పట్టీ సాగును. బలము ఎక్కుచు దిగుచు ఱంపపు పళ్లవలె నడచును. రేకుపై చారలు తేలును. మిశ్రలోహములందలి ఈ విడ్డూరమును 1923లో పోర్తెవాన్, లె షాతెలియే అను ఫ్రెంచివారు వర్ణించిరి. నేటికిని ఇది వారి పేరనే చెల్లుచున్నది.

దీనికి కారణమేమి? లోహములో పరమాణువులు నాటిన నారువలె వరుసలు తీరియుండును. ఆ వరుసలలో అచ్చటచ్చట తప్పులుండును. లోహము సాగుటయనగా ఆ తప్పులు వరుస వెంబడి వరుస జరుగుటయే. ఈ సంగతిని 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ వేర్వేరుగ వెల్లడించిరి. జరుగుచున్న తప్పు ఏదేని అడ్డముకడ నిలిచినప్పుడు మెగ్నీషియపు పరమాణువులు చేరి దానిని పట్టుకొనును. అదియే చక్రమునకు బురద. బలము పెరిగి ఒకటి విడిపోగానే చుట్టునున్నవియు గుంపుగా విడిపోవును. అచ్చట పట్టీ యేర్పడును. 1953లో కాట్రెల్ ఈ పట్టును వివరించెను. వడిగా లాగినచో పట్టు బిగియుటకు వ్యవధి చాలదు. కావున కొంత మేరలో మెల్లగ లాగుటకే ఎక్కువ బలము కావలసివచ్చును.

ఈ జ్ఞానము నాకు ఆలస్యముగా కలిగినది. నేను ఒక పరీక్షశాలలో నుండగా ఒక కట్ట రేకులకు బలము చాలునని వ్రాసియిచ్చితిని. వానిని అచ్చులో నొక్కగా చారలు పడెను. అచ్చు సరిగా తుడువలేదని పనివానిపై నేరము మోపి కూలిలో కోత విధించిరి. తరువాత అదే రేకునుండి ఒక ముక్క కోసి, యంత్రమున మెల్లగ లాగి చూచితిని. ఎవరి చేయియు సోకకుండగనే అవే చారలు! నేను చూచినది ఎంత బలమునకు తెగునన్న లెక్కయేగాని ఎట్లు సాగునన్నది కాదు. తప్పు నాదని చెప్పితిని. కోసిన కూలి తిరిగి యిచ్చిరి. అతడు దానిని పుచ్చుకొనెనుగాని ఆ అచ్చుకడకు మరల రాలేదు.

ఇందువలననే నేడు మోటారుబండి పైరేకులకు మెగ్నీషియముతో సిలికాను చేర్చిన మిశ్రలోహమును వాడి, చారలు పడునట్టిదానిని కనబడని లోపలి భాగములకు ఉంచుదురు.

మీలో పలువురు గ్రామమున తగవులు తీర్చు పెద్దలు. పని చెడినప్పుడు చేసినవాని చేతిని మాత్రమే చూడక, వాని చేతికిచ్చిన వస్తువు స్వభావమును గూడ విచారింపుడని మనవి చేసి సెలవు పుచ్చుకొనుచున్నాను.