పాటతో సరుకు అమ్మిన గొంతు

ఆదోని పత్తి మార్కెట్లో, ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర పెద్దవాళ్లను రేడియో సిలోన్ గురించి అడిగి చూడండి. తెలుగు పాటలకు మీనాక్షి పొన్నుదురై, హిందీ పాటలకు అమీన్ సయానీ అంటారు!

సయానీగారి పాటల కార్యక్రమం ‘బినాకా గీత్‌మాలా’ 1952లో మొదలైంది. బుధవారం రాత్రి వచ్చేది. ఖర్చు బినాకా టూత్‌పేస్టు కంపెనీది. మరి ఆయన పేస్టు గొప్పలతో ఊదరగొట్టారా? లేదు. ఆదరణను బట్టి పాటల్ని మెట్టు మెట్టుగా పైకెక్కించారు. పై మెట్టు పాటకు బాకా మోగించారు. వచ్చే వారం ఏ పాట ఎక్కుతుందోనని జనం ఎదురుచూసేవారు. ఆ ఎదురుచూపులోనే బినాకా పేరు నోళ్లలో నానింది.

బజార్లో మైకు పట్టే తమ్ముళ్లూ, ముందు జనం చెవి గెలవండి. సరుకు పేరు తర్వాత. సయానీగారు చేసిందదే. 2024 ఫిబ్రవరిలో, 91 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.