పరదేశమున కాపురము: నెలసరి లెక్క

మేళ్లచెరువు పేరు వినగానే మనకు సున్నపురాయి, సిమెంటు కర్మాగారములు, మహాశివరాత్రి జాతర జరుగు శంభులింగేశ్వరస్వామి ఆలయము జ్ఞప్తికి వచ్చును. నల్లగొండ జిల్లాలోనిదైన ఈ గ్రామము 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లాలో చేరినది. ఇచటి కర్మాగారములలో పనిచేయుటకు పరరాష్ట్రములనుండి కూలీలు వత్తురు. ఇచటి యువకులు కొందరు తాము నేర్చిన పనిని వెంటబెట్టుకొని దుబాయికో, సౌదీ అరేబియాకో పోవుదురు. ఒంటరిగా పోయినవాని లెక్క ఒక విధముగా నుండును. భార్యను పిలిపించుకొని, ఆ దేశముననే తొలి బిడ్డను పెంచదలచిన వాని లెక్క మరియొక విధముగా నుండును. ఈ రెండవ లెక్కయే నేటి ప్రసంగవిషయము.

మన ఇండ్లలో ఈ లెక్కను సామాన్యముగా ఒకే గుణకారముతో ముగింతురు. అబ్బాయికి 9,000 దిర్హముల జీతము. దిర్హము 23 రూపాయలని పెట్టుకొన్నచో నెలకు 2,07,000 రూపాయలు. అంత జీతము వచ్చువానికి ఆలుబిడ్డలను పోషించుట యొక లెక్కయా అని అందురు. గుణకారములో తప్పు లేదు. కాని అతడు జీతమును దిర్హములలో పుచ్చుకొని బియ్యమును రూపాయలలో కొనడు గదా! ఎచట సంపాదించునో అచటనే ఖర్చుపెట్టవలెను. రూపాయలుగా మారునది ఖర్చులు పోగా మిగిలిన సొమ్ము మాత్రమే. కనుక గుణకారమునకు ముందు తీసివేత చేయవలెను.

ఇచట గమనింపదగిన విషయ మొకటి యున్నది. దిర్హము 1997నుండి అమెరికా డాలరుతో ముడిపడి యున్నది. ఒక డాలరునకు 3.6725 దిర్హములు. సౌదీ రియాలు 1986నుండి డాలరునకు 3.75 చొప్పున నిలిచియున్నది. అందుచేత డాలరు ముందు మన రూపాయి విలువ తగ్గినప్పుడెల్ల, స్వదేశమునకు సొమ్ము పంపువానికి లాభము కనిపించును. కాని ఆ లాభము పంపిన సొమ్ముమీదనే గాని, అచట ఖర్చుపెట్టిన సొమ్ముమీద రాదు. సంసారము పెరిగినకొలది పంపు సొమ్ము తగ్గును గనుక ఈ లాభమును తగ్గును.

ఇక లెక్కకు వత్తము. ఈ ప్రసంగములోని జీతము, అద్దె, ఇంటిఖర్చుల అంకెలు ఉదాహరణకై నేను వేసికొన్నవి. ఎవరి అంకెలు వారు వేసికొనవచ్చును. లెక్క నడచు తీరు మాత్రము మారదు.

ఒంటరివాడు నలుగురితో కలిసి ఒక గదిలో ఉండును. దానిని అచటివారు బెడ్ స్పేసు అందురు. దానికి 900 దిర్హములు, భోజనమునకు 600, రాకపోకలకును ఫోనుకును 500, వెరసి 2,000. తొమ్మిదివేలలో 7,000 మిగులును. తల్లిదండ్రులు ఇన్నాళ్లు చూచినది ఈ ఏడువేల జమనే. ఊరిలో బాకీ తీరినను, చెల్లెలి పెండ్లి జరిగినను, స్లాబు పడినను ఈ జమవలననే.

ఇప్పుడు భార్య వచ్చినది. మొట్టమొదట ఇల్లు కావలెను. దుబాయిలో ఇంటి అద్దె ఏడాదికింతయని ఒడంబడిక జరుగును. ముందు తేదీలు వేసిన చెక్కులు కొన్ని ఇంటి యజమానికి ఇయ్యవలెను. అద్దె ఏడాదికి 48,000 దిర్హములనియు, నాలుగు చెక్కులనియు అనుకొందము. మొదటి చెక్కు 12,000. ధరావతు నూటికి 5 చొప్పున 2,400. ఇల్లు చూపిన దళారి రుసుము మరియొక 2,400. విద్యుత్తు, నీటి సంస్థకు ధరావతు 2,000. అనగా పొయ్యి వెలిగించుటకు ముందే 18,800 దిర్హములు చేత నుండవలెను. ఇది రెండు నెలల జీతమునకు మించినది. మంచము, వంటసామాను దీనిలో చేరలేదు. చాలమంది ఇచటనే అప్పులో పడుదురు. నెలసరి జీతము చాలక కాదు. మొదటి నెలలో కావలసిన సొమ్మును ముందుగా కూడబెట్టుకొనకపోవుటచేత.

తరువాత నెలనెల ఖర్చు. అద్దె పండ్రెండవ వంతు 4,000. ఏడాది అద్దెలో నూటికి 5 చొప్పున గృహరుసుమును దుబాయి మునిసిపాలిటీ విద్యుత్తు బిల్లుతోనే నెలనెల వసూలు చేయును, అది 200. విద్యుత్తు, నీరు, ఫోను, ఇంటర్నెట్టు కలిపి 700. బియ్యము, పప్పు, కూరలు, పాలు 1,200. రాకపోకలు 500. ఇంతవరకు 6,600 అయినది. బిడ్డ పుట్టిన పిమ్మట పాలపొడి, డైపర్లు, మందులు 500. తల్లీబిడ్డల వీసాలు, ఆరోగ్యబీమా ఏడాదికి 4,800 అనుకొన్నచో నెలకు 400. ఏడాది కొకసారి ముగ్గురు స్వదేశమునకు వచ్చిపోవుటకు మరియొక 4,800 అనుకొన్నచో నెలకు 400. మొత్తము 7,900. మిగిలినది 1,100.

ఏడువేలు ఎచట? పదునొకండు వందలు ఎచట? జీతము తగ్గలేదు, దుర్వ్యయము లేదు. కుటుంబము ఏర్పడినది, అంతే. రూపాయలలో చెప్పినచో 1,61,000 ఉండిన జమ 25,300 అయినది. ఊరిలోని తల్లిదండ్రులకు ఈ సంగతి తెలియనిచో, కోడలు వచ్చిన నాటినుండి కొడుకు చేయి బిగించినాడని అపోహ కలుగును. ఎన్నో ఇండ్లలో అత్తాకోడండ్రకు పడని మాటకు మూలము ఈ చెప్పని లెక్కయే. కావున కోడలిని పంపుటకు ముందే ఈ కాగితమును ఇంటిల్లిపాది యెదుట చదువుట మంచిది.

జీతమున్నంత మాత్రమున కుటుంబమును పిలిపించుకొను హక్కు రాదు. అరబ్బు ఎమిరేట్లలో 2019నుండి 4,000 దిర్హముల జీతము గాని, 3,000 దిర్హములతో పాటు వసతి గాని ఉన్నవాడు భార్యాబిడ్డలను పిలిపించుకొనవచ్చును. కువైటులో 2024లో ఈ హద్దును 800 దినారులుగా నిర్ణయించిరి. సౌదీలో 2017 జూలైలో ఆశ్రితుల మీద తలకు నెలకు 100 రియాళ్ల రుసుము విధించిరి. అది ఏటేట నూరేసి పెరిగి 2020 జూలై నాటికి 400 అయినది. భార్యకు, ఒక బిడ్డకు కలిపి నెలకు 800, ఏడాదికి 9,600 రియాళ్లు! అకామా పొడిగించునపుడు దీనిని ముందుగా చెల్లించవలెను. ఈ భారము మోయలేక ఆ యేండ్లలో అనేకులు భార్యాబిడ్డలను స్వదేశమునకు పంపివేసిరి. ఆదాయపు పన్ను లేని దేశమని మనవారు సంతోషింతురు. పన్ను లేకపోవచ్చును గాని, రుసుములు లేకపోలేదు. సరకుల మీద విలువాధారిత పన్ను సయితము సౌదీలో 2020 జూలైనుండి నూటికి 15, ఎమిరేట్లలో 2018నుండి నూటికి 5 చొప్పున పడుచున్నది.

కాన్పు సంగతి ప్రత్యేకముగా ఆలోచింపదగినది. దుబాయి చట్టము ప్రకారము ఉద్యోగి ఆరోగ్యబీమా యజమాని భారము. భార్యాబిడ్డల బీమా వారిని పిలిపించుకొన్నవాని భారము. కనుక ఉద్యోగపత్రములో ఆరోగ్యబీమా అని వ్రాసి యున్నంతనే అది భార్యకును వర్తించునని తలపరాదు. ప్రసవఖర్చులో ఎంతవరకు బీమా భరించునో, ఎంత మనము చెల్లించవలెనో, గర్భము ధరింపకముందే తెలిసికొనవలెను.

అంత శ్రమ యెందుకు, తొలికాన్పు పుట్టింట జరుగుట మన ఆచారమే గదా అని పెద్దలందురు. ఆ మాటలో అర్థమున్నది. 2011లో ఆరంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద మన ప్రభుత్వ వైద్యశాలలలో కాన్పు ఉచితము. బాలింతకు తల్లి చేతి పథ్యము, పసిబిడ్డకు అమ్మమ్మ స్నానము ఏ దేశములోను వెలకు దొరకవు. కాని ఇచట ఒక చిక్కున్నది. ఎమిరేట్లలో నివాసపు వీసా గలవారు సామాన్యముగా ఆరు నెలలకు మించి వెలుపల నున్నచో ఆ వీసా చెల్లదు. ఏడవ నెలలో పుట్టింటికి వచ్చి, బిడ్డకు అయిదవ నెల వచ్చిన పిమ్మట మంచిదినము చూచి పయనమగు మన ఆచారము ఆరు నెలలు దాటును. అప్పుడు తిరుగు ప్రవేశమునకు అనుమతి కోరి రుసుము కట్టుటయో, కొత్త వీసా తీయుటయో తప్పదు. కనుక మంచిదినముతో పాటు వీసా తేదీని కూడ చూచుకొనవలెను.

అచటనే బిడ్డ పుట్టినచో ఆ దేశపు పౌరసత్వము రాదు. మన పౌరసత్వచట్టము ప్రకారము, పుట్టిన ఏడాదిలోపల భారత రాయబార కార్యాలయమున జననమును నమోదు చేయించి, పాస్‌పోర్టు తీయవలెను. ఎమిరేట్లలో శిశువునకు 120 దినములలోపల నివాసపు వీసా కావలెను, ఆలస్యమైనచో జరిమానా. వీటన్నిటికిని తల్లిదండ్రుల వివాహ ధ్రువపత్రము ఆధారము. దానిని మన విదేశాంగశాఖయు, ఆ దేశపు రాయబార కార్యాలయమును ధ్రువపరచవలెను. పెండ్లి ఫొటోలు చాలవు. పెండ్లియైన నెలలోనే రిజిస్టరు చేయించుకొన్నవారికి ఈ శ్రమ సగము తగ్గును.

బిడ్డకు మూడు నాలుగు సంవత్సరములు నిండగానే మరియొక ఖర్చు వాకిట నిలుచును. అదియే బడి. అచట మన పిల్లలు చదువునవి ఎక్కువగా భారతీయ పాఠ్యక్రమమును బోధించు ప్రైవేటు బడులు. జీతము, బస్సు, పుస్తకములు అన్నియు కొనవలసినవే. పైన మిగిలిన 1,100 దిర్హములు ఈ ఖర్చుకు ఆనవు. అందుచేతనే అనేక కుటుంబములు బిడ్డ బడియీడు వచ్చువరకు కలిసియుండి, పిదప తల్లీబిడ్డలు కోదాడకో, సూర్యాపేటకో, హైదరాబాదుకో తిరిగివచ్చుట చూచుచున్నాము. ఇది ఓటమి కాదు. ముందుగా తలచి చేసినచో ఇదియు ఒక ఏర్పాటే. తలపకుండ వచ్చిపడినప్పుడే అది కష్టము.

ఉద్యోగము పోయినచో ఏమి? ఎమిరేట్లలో 2023 జనవరినుండి నిరుద్యోగ బీమా నిర్బంధము. మూలవేతనము 16,000 దిర్హములకు మించనివారు నెలకు 5 దిర్హములు కట్టుదురు. అర్హులైనవారికి మూలవేతనములో నూటికి 60 వంతు చొప్పున, మూడు నెలలకు మించకుండ భత్యము వచ్చును. ఉద్యోగము విడుచునపుడు వచ్చు గ్రాట్యుటీ మొదటి అయిదేండ్లకు ఏటికి 21 దినముల మూలవేతనము, ఆపైన ఏటికి 30 దినములది. రెండింటిలోను లెక్కకు వచ్చునది మూలవేతనమే గాని మొత్తము జీతము కాదు. తొమ్మిదివేల జీతములో మూలవేతనము నాలుగువేలే అయినచో నిరుద్యోగభత్యము 2,400. అది అద్దెకైనను చాలదు. కావున ఒడంబడికమీద చేవ్రాలు చేయునపుడు మొత్తమునే కాక మూలవేతనపు గడిని కూడ చదువవలెను.

ఇంతయు విని పరదేశమున కాపురమే కూడదని నేను చెప్పుచున్నట్లు భావింపవలదు. భర్త ఒకచోట, భార్య ఒకచోట, తండ్రి మొగము ఫోనులో తప్ప ఎరుగని బిడ్డ మరియొకచోట ఉండుటకు కూడ వెల యున్నది. అది ఏ కాగితములోను పడదు. కొన్ని సంవత్సరములు మిగులు తగ్గినను కలిసియుందమని ఇరువురు నిశ్చయించుకొన్నచో, అది గౌరవింపదగిన నిశ్చయమే. అయితే ఆ మిగులు ఎంత తగ్గునో తెలిసి చేయవలెను.

ప్రయాణమునకు ముందు చేయదగిన పనులు మూడు. ఏడాది ఖర్చులన్నియు వ్రాసి పండ్రెండుచేత భాగించుట మొదటిది. ఇంటి ప్రవేశమునకు కావలసిన సొమ్మును, దానికి తోడు మూడు నెలల ఖర్చును అప్పు చేయక కూడబెట్టుట రెండవది. ఇంటికి నెలకు ఎంత పంపగలడో తల్లిదండ్రులకు స్పష్టముగా చెప్పి, ఆ మొత్తమునకు లోబడి చిట్టీలు, వాయిదాలు పెట్టుకొనుట మూడవది. ఇందుకు ఒక సంవత్సరము పట్టినచో పట్టనిండు. పిలిచిన ఆరు నెలలకే ఆమెను తిరిగి పంపుటకంటె, ఒక ఏడాది ఆలస్యముగా పిలుచుట మేలు.