ఉపగ్రహం కంటికి ఆనని చేను

(బోరంచలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సెన్సర్లు, ఇమేజింగ్‌లో పోస్టుగ్రాడ్యుయేట్ చదువు గురించి బోరంచలో మాట్లాడతానంటే హైదరాబాదు మిత్రులు నవ్వారు. కూలిరేట్ల గురించో, భూమి పట్టాల గురించో మాట్లాడక ఇదెందుకన్నారు. నేను పట్టాల గురించే మాట్లాడబోతున్నాను.

ముందు ఆ యంత్రం ఏం చేస్తుందో చూద్దాం. పచ్చని ఆకు ఎర్ర వెలుగును పీల్చుకుంటుంది. మన కంటికి కనిపించని పరారుణ వెలుగును చాలావరకు తిప్పికొడుతుంది. ఉపగ్రహంలోని సెన్సర్ ఈ రెంటినీ కొలుస్తుంది. ఆ అంకెలను బట్టి చేను ఏపుగా ఉందా, ఎండిందా, అది ఏ పంట అనేది లెక్కగడతారు. మన ఐ.ఆర్.ఎస్. వరుసలో మొదటి ఉపగ్రహం 1988 మార్చి 17న వెళ్లింది. దాని కెమెరాల్లో ఒకటి 72 మీటర్ల చదరాన్ని ఒక్క చుక్కగా చూసేది. ఎకరం చేను ఆ చుక్కలో మునిగిపోయేది. ఇప్పుడు యూరప్‌వాళ్ల సెంటినల్-2 చుక్క 10 మీటర్లే, అంటే ఎకరానికి 40 చుక్కలు. చూపు మెరుగైంది, కాదనను.

కానీ ఇక్కడా, జహీరాబాద్ వైపూ ఆడవాళ్లు వేసే చేను ఎట్లా ఉంటుంది? ఒక సాలు జొన్న, పక్కన కంది, నడుమ పెసర, అనుము, కొర్ర, అంచున పుంటికూర. సందుల్లో ఎవరూ విత్తకుండానే మొలిచే తుమ్మికూర, జొన్నచెంచలి. పది మీటర్ల చుక్కలో ఇవన్నీ కలిసి ఒకే అంకె. నిపుణులకు అదొక చిక్కు. పత్తి ఒక్కటే వేసిన చేనయితే వాళ్లకు సులువు.

చుక్కకు పేరు పెట్టేది యంత్రం కాదు. ఎవరో ఒకరు చేలోకి వచ్చి 'ఇది కంది' అని రాసుకుపోవాలి. దాన్ని 'గ్రౌండ్ ట్రూత్' అంటారు, నేల మీది నిజం అని. ఆ నిజాన్ని ఎవరిని అడుగుతారు? పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్లనే అడగడం తేలిక. విత్తనం దాచిందీ, ఏ సాలులో ఏది పడాలో నిర్ణయించిందీ భార్య. పేరు చెప్పేది భర్త, అదీ ఒక్క పంట పేరు. ఇది పండితుల చర్చ కాదు. ఫసల్ బీమా పథకంలో 2023 ఖరీఫ్ నుంచి వరి దిగుబడి అంచనాలో కనీసం 30 శాతం బరువు ఈ సాంకేతిక లెక్కకు ఇచ్చారు. రేపు మిగతా పంటలకూ ఇదే వస్తే, లెక్కలోకే ఎక్కని పంటకు పరిహారం ఎవరిని అడగాలి?

యంత్రాలన్నీ పితృస్వామ్యానివే, వాటి జోలికి పోవద్దనే మిత్రులతో నేను ఏకీభవించను. పస్తాపూర్ డి.డి.ఎస్. సంఘాల దళిత స్త్రీలు వీడియో కెమెరా పట్టి తమ చేలను తామే చిత్రించారు. 2008లో మాచనూరులో రేడియో పెట్టారు. వాళ్లలో చాలామంది బడి మొహం చూడనివాళ్లు. అట్లాగని పై స్థానంలో ఒక స్త్రీ ఉంటే చాలనీ అనను. మబ్బుల్లోంచి కూడా చూడగల రీశాట్-1ను 2012లో పంపినప్పుడు ప్రాజెక్టు డైరెక్టరు వలర్మతి. అది గొప్ప విషయమే. అయినా చేలో అడిగే ప్రశ్న మారాలంటే చేను ఎరిగిన పిల్లలు ఆ చదువుకు పోవాలి.

దారి ఉంది, పొడుగైనది. మన జిల్లాలోనే కందిలో ఐ.ఐ.టి. ఉంది (ఊరి పేరు కందే, పంట సంగతి వేరు). హైదరాబాదు జె.ఎన్.టి.యు.లో ఈ కోర్సు ఉంది. డెహ్రాడూన్ ఐ.ఐ.ఆర్.ఎస్.లో చదివితే ఎం.టెక్. పట్టా ఇచ్చేది మన ఆంధ్ర విశ్వవిద్యాలయమే. గేట్ పరీక్షలో 2022 నుంచి జియోమాటిక్స్ పేపరు పెట్టారు. అమ్మాయిలకు ఫీజు సగమే. గేట్‌తో ఎం.టెక్. చేరితే నెలకు 12,400 రూపాయల స్టైపెండు వస్తుంది.

చిక్కు డబ్బుది కాదు, ఏళ్లది. మీలో ఒకరి కూతురు ఈ ఏడు లెక్కలు, ఫిజిక్స్‌తో డిగ్రీ ముగించింది. బి.ఎస్సీ. మీద నేరుగా ఎం.టెక్. కుదరదు. ముందు రెండేళ్లు ఎం.ఎస్సీ., ఆపైన రెండేళ్లు. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. కొడుకైతే ఆ నాలుగేళ్లను 'చదువు' అంటాం. కూతురైతే 'ఆలస్యం' అంటాం. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారట. ఆ తల్లి ఇక్కడే వెనక వరసలో కూర్చుంది. నేను పేరు చెప్పను. సాయంత్రం వాళ్లింటికి వెళ్లి తండ్రితో మాట్లాడదామనుకుంటున్నాను. పట్నం నుంచి వచ్చిన మేడమ్ ఒక్కతే పోతే ఆయన చాయ్ తాగించి పంపిస్తాడు. సంఘం నుంచి ఇద్దరు నాతో రండి.