ఏ వయసుకు ఏ పాఠం: పిల్లలకు అన్ని మతాల గురించి చెప్పడం

(మన సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మైకు ఇస్తే నేను పాఠం మొదలుపెట్టేస్తానని మా ఇంట్లో వాళ్ల భయం. ఇవాళ కూడా పాఠమే. బి.ఎడ్. పూర్తిచేసి సాంఘిక శాస్త్రం చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు దాటింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు. అందుచేత నా తరగతిలో కూర్చున్నవాళ్లు దాదాపు అందరూ హిందువుల పిల్లలే, కొద్దిమంది క్రైస్తవుల పిల్లలు. ఏ ఊరు బదిలీ అయినా నెల తిరక్కముందే నా పేరు పోయి "సాయిబు మేస్టారు" మిగిలేది. దానికి నేనెప్పుడూ బాధపడలేదు. అందులో ప్రేమే ఎక్కువ.

మన స్కాలర్‌షిప్ పిల్లలకు జరిగే ఆదివారం ట్యూషన్‌లో పోయిన ఏడాది నుంచి ఒక గంట అన్ని మతాల గురించి చెబుతున్నాం. దాని మీద మన దాతల్లో ఒకరు, నాకు అన్నగారి లాంటివారు, నన్ను పక్కకు పిలిచి అడిగారు. "మేస్టారూ, మన పిల్లలకు మన దీనే సరిగ్గా రాదు. ఇంకోరిది చెప్పి వాళ్ల బుర్ర పాడుచెయ్యడం ఎందుకు? నేనిచ్చేది లెక్కల మేస్టారి జీతానికి వాడండి" అన్నారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. చాటున అడిగిన ప్రశ్నకు అందరిలో జవాబు చెబుతున్నందుకు మన్నించాలి. ఇదే ప్రశ్న ఇంకా చాలామంది మనసులో ఉందని నాకు తెలుసు.

అన్నగారి మాటలో సగం నిజం. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు మతాలను పోల్చి చెప్పకూడదనే నేనూ అంటాను. ఆ వయసుకి పోలిక అంటే పోటీ. ఎవరిది పెద్దది, ఎవరిది గొప్పది అన్నదే వాళ్లకు అర్థమయ్యే పోలిక. వాళ్లకు చెప్పాల్సింది ఇంటి మాటలే: పక్కింటి వాళ్లు పూజలో ఉన్నప్పుడు గట్టిగా అరవకూడదు, స్నేహితుడు మాల వేసుకుంటే అతని తిండి నియమం ఇది, మన ఇఫ్తార్‌కు వాళ్లు వస్తే ముందు వాళ్ల చేతికి గ్లాసు అందించాలి. సలాం అంటే ఏమిటో, నమస్కారం అంటే ఏమిటో తెలిస్తే చాలు. విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్ వలీ బాబా దర్గాకు అన్ని మతాల వాళ్లూ వస్తారు. చిన్నపిల్లవాడిని అక్కడికి తీసుకెళ్తే వాడు చూసేది చూస్తాడు. మనం పక్కన నిలబడి వ్యాఖ్యానం చెప్పక్కర్లేదు.

ఈ మాట నాకు మొదట తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో ఆరో తరగతికి ఇస్లాం పాఠం చెబుతున్నాను. ఆ తరగతిలో ముస్లిం పిల్లవాడు ఒక్కడే. సరదాపడి వాణ్ణి లేపి, "నువ్వు చెప్పరా, రోజా ఎందుకు ఉంటారు?" అన్నాను. వాడికి తెలియదు. తల దించుకుని నిలబడ్డాడు. ఎవడో కిసుక్కుమన్నాడు. వాడు వారం రోజులు బడికి రాలేదు. వాళ్లమ్మ వచ్చి ఒకే మాట అంది: "మీరూ మనవాళ్లే కదా సార్, వాణ్ణి అందరి ముందు అలా ఎందుకు నిలబెట్టారు?" పదకొండేళ్ల పిల్లవాడిని ఒక మతం మొత్తానికి వకీలుగా నిలబెట్టాను. ఆ రోజు నుంచి ఏ పిల్లనూ, ఏ పిల్లవాడినీ తన మతం గురించి చెప్పమని నేనుగా లేపలేదు. చెయ్యెత్తితే వింటాను. అంతే.

ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి సంగతి మారుతుంది. ఆ వయసు వాళ్లకు వివరాలంటే పిచ్చి. క్రికెట్ స్కోర్లు ఎలా గుర్తుంటాయో ఇవీ అలాగే గుర్తుంటాయి. వాళ్లకు దేవుడి గురించి కాదు, చేసే పనుల గురించి చెప్పాలి. నేను బోర్డు మీద గళ్లు గీసి పైన "ఉపవాసం" అని రాస్తాను. ఒక వైపు కార్తీక సోమవారం, ఏకాదశి, రంజాన్ రోజా, క్రైస్తవుల నలభై రోజుల ఉపవాసం. ఇంకో వైపు ప్రశ్నలు: ఎప్పటి నుంచి ఎప్పటి దాకా? నీళ్లు తాగొచ్చా? ఎవరికి మినహాయింపు? ఎలా విరమిస్తారు? ఇంటికెళ్లి అమ్మమ్మనో నాయనమ్మనో అడిగి గళ్లు నింపుకుని రమ్మంటాను. మర్నాడు తరగతి సంత అయిపోతుంది. కార్తీక సోమవారం నక్షత్రం చూసి తింటారని ఒకరు, మా ఇంట్లో పాలు, పళ్లు తీసుకోవచ్చని ఇంకొకరు, రోజాలో నీళ్లు కూడా తాగరంటే నోరు తెరిచేవాళ్లు కొందరు. మినహాయింపుల గడి దగ్గర మాత్రం అందరూ ఆగిపోతారు. జబ్బుపడినవాళ్లు, ముసలివాళ్లు, గర్భిణులు, చిన్నపిల్లలు అని దాదాపు అన్ని గళ్లలోనూ అవే పేర్లు వస్తాయి. ఇది నేను చెప్పింది కాదు, వాళ్లు పట్టుకున్నది.

ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. వెంటనే ఎవరో ఒకరు "అయితే అన్నీ ఒకటేనండి" అంటారు. ఆ మాట వినడానికి బాగుంటుంది, ఉపన్యాసాల్లో చప్పట్లు కూడా పడతాయి. నేను మాత్రం ఒప్పుకోను. "ఎందుకు ఉంటారు?" అనే ఇంకో గడి గీస్తాను. అక్కడ తేడాలు బయటపడతాయి. అలాగే దానం. మన జకాత్ ఏడాది నిలిచిన సొమ్ములో రెండున్నర శాతం, అది పేదవాడి హక్కు. క్రైస్తవుల్లో దశమభాగం, సిక్కుల్లోనూ పదో వంతు. జైనులు అన్నదానం, ఔషధదానం, విద్యాదానం, అభయదానం అని నాలుగుగా చెబుతారు. లెక్కలు వేరు, కారణాలు వేరు. ఆ తేడా తెలిసిన పిల్లవాడికి తన జకాత్ మీద పట్టు పెరిగింది కానీ తగ్గలేదు. అన్నగారి భయానికి నేను చూసిన జవాబు ఇది: ఇంటికెళ్లి అడగాల్సి వచ్చినప్పుడే మన పిల్లల్లో చాలామంది తమ దీన్ గురించి తల్లిదండ్రులను మొదటిసారి అడిగారు.

ఇక పెద్ద తరగతులు. ఇక్కడ కొంచెంసేపు ఓపిక పట్టండి.

2020 డిసెంబరు ఆఖరులో రామతీర్థం బోధికొండ మీద కోదండరామస్వామి విగ్రహాన్ని ధ్వంసం చేశారు. మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కరోనా సెలవుల తర్వాత పెద్ద తరగతులు మళ్లీ నడుస్తున్న రోజులవి. నేను పనిచేసే బడి అక్కడికి దూరమేమీ కాదు. ఆ వార్త వచ్చిన మర్నాడు పదో తరగతిలోకి వెళ్తే మాస్కుల పైన కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఒక్కరూ మాట్లాడరు. కాసేపటికి వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "మేస్టారూ, ఎవులు సేసుంటారండి?" అన్నాడు. ఆ ప్రశ్న నన్ను అడిగినట్టు లేదు, నా గురించి అడిగినట్టుంది. వాడి తప్పు కాదు. ఊళ్లో పెద్దవాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో అదే వాడి నోటి నుంచి వచ్చింది.

"ఎవరు చేశారో పోలీసులు తేల్చాలి. తేలేదాకా నువ్వూ నేనూ పేరు పెట్టకూడదు" అన్నాను. అక్కడితో పుస్తకం తీసేయొచ్చు. తీయలేదు. "నేను విగ్రహాన్ని పూజించేవాణ్ణి కాదు. మీకు ఎంత నొప్పిగా ఉందో నాకు సరిగ్గా తెలియకపోవచ్చు. చెప్పాలనుకున్నవాళ్లు చెప్పండి, నేను కూర్చుంటాను" అని బల్ల వెనక కూర్చున్నాను. ఒకమ్మాయి లేచింది. "షాపులో ఉన్నప్పుడు అది బొమ్మేనండి. ప్రాణప్రతిష్ఠ సేసేక ఆయన మా ఇంటి పెద్ద. పొద్దున్నే మేలుకొలుపుతారు, స్నానం సేయిస్తారు, నైవేద్యం పెడతారు. ఇంట్లో పెద్దాయన్ని కొడితే ఎలాగుంటాదో అలాగుందండి" అంది. ఇరవై ఏళ్లుగా హిందూమతం పాఠం చెబుతున్నవాణ్ణి, ఆ మాట నాకు ఏ పుస్తకంలోనూ అలా తగల్లేదు.

తర్వాత వాళ్లు నన్ను అడిగారు. మీరు బొమ్మ ఎందుకు పెట్టుకోరు? చెప్పాను. ఇంకో అబ్బాయి వదల్లేదు. "మరి కాబా కేసి తిరుగుతారు కదండి, అదీ రాయే కదా?" అన్నాడు. మంచి ప్రశ్న. ప్రవక్త (స) మదీనాకు వచ్చిన తొలి రోజుల్లో జెరూసలేం వైపు తిరిగి నమాజు చేసేవారు, తర్వాత ఆ దిక్కు మక్కా వైపు మారింది అని చెప్పాను. కట్టడాన్నే పూజిస్తే దిక్కు మార్చడం కుదరదు కదా, అది అందరినీ ఒక వైపు నిలబెట్టే దిక్కు మాత్రమే అన్నాను. వాడు ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు. అర్థమైందని మాత్రం తెలిసింది. ఎందుకంటే పక్కవాడికి మళ్లీ చెబుతున్నాడు, తప్పు లేకుండా. ఆ గంటలో ఎవరి నమ్మకమూ మారలేదు. కానీ గంట కొట్టాక, మొదట ప్రశ్న వేసిన వెనక బెంచీ వాడు నా పుస్తకాలు స్టాఫ్‌రూమ్ దాకా మోసుకొచ్చాడు.

పెద్ద పిల్లలకు నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఏ మతం గురించి చెప్పినా, ఆ మతంవాడు పక్కన కూర్చుని వింటే "అవును, మేము నమ్మేది ఇదే" అనాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. పదకొండో శతాబ్దంలో అల్ బెరూనీ సంస్కృతం నేర్చుకుని, 1030 ప్రాంతంలో హిందూ దేశం మీద కితాబుల్ హింద్ రాశాడు. వాదించి ఓడించడానికి కాదు, వాళ్లు చెప్పుకునేది చెప్పుకున్నట్టు పెట్టడానికి రాస్తున్నానన్నాడు. అంత దూరం ఎందుకు, చిలుకూరి నారాయణరావు గారు మన శ్రీకాకుళం ప్రాంతం వారు. అనంతపురంలో అధ్యాపకులు, ఆంధ్రభాషా చరిత్రము రాసిన హిందూ పండితుడు. ఖురాన్‌ను మొట్టమొదట తెలుగులోకి తెచ్చింది ఆయనే. ఖురాన్ చదివినంత మాత్రాన ఆయన దారి మారలేదు, ఆయన చేసిన పనివల్ల మనకు నష్టమూ రాలేదు. మన ఇళ్లలో ఎంతమందికి ఆ పేరు తెలుసు?

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే కొందరు అదీ అడిగారు. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడుల్లో మతబోధ కుదరదు. మతాల గురించి చదవడం వేరు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఈ రెండింటినీ విడదీసి చెప్పింది, 2002లో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి తెలుసుకోవడం తప్పు కాదంది. అంతకుముందే, ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్‌ఛాన్సలర్‌గా చేసిన రాధాకృష్ణన్ గారి కమిషన్ 1948-49లో డిగ్రీకి ఒక వరస చెప్పింది: మొదటి ఏడు బుద్ధుడు, ఏసు, మహమ్మద్ ప్రవక్త (స), నానక్ వంటి మహనీయుల జీవితాలు, రెండో ఏడు మత గ్రంథాల నుంచి భాగాలు, మూడో ఏడు లోతైన తాత్విక ప్రశ్నలు. ముందు మనుషులు, తర్వాత గ్రంథాలు, ఆ తర్వాత ప్రశ్నలు. వరస చాలా బాగుంది. నా ఫిర్యాదల్లా, డిగ్రీ దాకా ఆగితే ఆలస్యమైపోతుందని. ఈలోగా ఫోను అన్నీ నేర్పేస్తోంది.

ఇక అన్నగారి డబ్బు విషయం. లెక్కల మేస్టారి జీతం నుంచి ఒక్క రూపాయి కూడా ఈ గంటకు వాడలేదు, వాడం. నేను అడిగేది రెండే. ఒకటి, ఏడాదికి రెండుసార్లు బస్సు. రామతీర్థంలో ఒకే చోట రామాలయం, గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు, దుర్గకొండ మీద జైన ఆనవాళ్లు ఉన్నాయి. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు గుర్తించిన శాలిహుండం, వంశధార ఒడ్డున, కళింగపట్నం దర్గాకు దగ్గర్లోనే ఉంది. పొద్దున్న బయల్దేరితే రెండూ చూసి రావచ్చు. రెండోది, నెలకొక ఆదివారం ఒక పూజారి గారినో, పాస్టర్ గారినో పిలిస్తే వాళ్ల దారిఖర్చులు, ఒక పూట భోజనం. వాళ్ల సంగతి వాళ్లే చెప్పాలి, నేను చెబితే చాలదు.

మా తరగతిలో ఒక అట్టపెట్టె ఉంది. నోటితో అడగలేనివాళ్లు చీటీ రాసి వేస్తారు, పేరు రాయనక్కర్లేదు. పోయిన ఆదివారం తీసినవాటిలో మూడు చదువుతాను. "శాలిహుండం కొండ మీద అన్ని స్తూపాలుంటే మన ఊళ్లో బౌద్ధులు ఎందుకు లేరు?" "మర్యం తల్లి పేరు మీద ఖురాన్‌లో ఒక సూరా ఉందంటే మా చర్చి ఫ్రెండ్ నమ్మడం లేదు, ఎలా చూపించాలి?" మూడోది ఎనిమిదో తరగతి అమ్మాయి చేతిరాత అనుకుంటాను. "మా పక్కింటి లక్ష్మి చాలా మంచిది. తను స్వర్గానికి రాదా?"

మొదటి రెండింటికీ నేను జవాబు చెప్పగలను. మూడోదానికి తడుముకున్నాను. ఇమామ్ సాబ్‌ను అడిగితే వచ్చే ఆదివారం తానే వచ్చి ఆ పిల్లలతో కూర్చుంటానన్నారు. ఉదయం పదిన్నరకు. అన్నగారూ, మీరు కూడా రండి. వెనక బెంచీలో చోటుంది.

వస్సలాం.