సిస్టమ్‌లో లేదంటే పని చేయనట్టేనా?

(ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిన మాటలు. డ్యూటీలో ఉండి ఆడియో వినలేనోళ్ల కోసం రాసి పెడుతున్నాం.)

 

నాది జగిత్యాల జిల్లా. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివిన. యూఏఈ వచ్చి 18 ఏండ్లు దాటింది. స్టీల్ ఫిక్సర్ల దగ్గర హెల్పర్‌గా మొదలుపెట్టి ఇప్పుడు సైట్ సూపర్‌వైజర్‌గా చేస్తున్న.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ను కాదు. కానీ పొద్దున లేస్తే నా పని సాఫ్ట్‌వేర్‌తోనే. హాజరు ఫేస్ మెషీన్‌లో, డ్రాయింగ్ ట్యాబ్‌లో, ఓటీ లెక్క ఎక్సెల్‌లో. సాఫ్ట్‌వేర్ తయారు చేసేటోళ్ల అభిప్రాయాలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. ఆ సాఫ్ట్‌వేర్ లెక్క ప్రకారం జీతం తీసుకునేటోళ్ల అభిప్రాయం మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ నేను ఆ మాటే చెప్తా.

పోయిన వారం ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టిండు. "అన్నా, ఈ నెల ఓటీ తక్కువ పడ్డది. ఆఫీసుకు పోయి అడిగితే సిస్టమ్‌లో ఇంతే ఉంది అంటున్నరు. సిస్టమ్‌లో లేదంటే ఇగ మనం ఏం మాట్లాడాలె?"

తమ్ముడూ, మాట్లాడాలె. సిస్టమ్‌లో లేదంటే నువ్వు పని చేయలేదని కాదు. నువ్వు చేసిన పని సిస్టమ్ దాకా చేరలేదని. ఈ రెండు మాటలు వేరు. ఈ తేడా తెలియకనే మనోళ్లు తల వంచుకుని బయటికి వస్తున్నరు.

ముందు కంప్యూటర్ చేసిన మంచి చెప్పుకుందాం. నేను కంప్యూటర్‌కు వ్యతిరేకం కాదు. యూఏఈలో 2009లో డబ్ల్యూపీఎస్ వచ్చింది. అంటే జీతం బ్యాంకు ద్వారానో, ఎక్స్ఛేంజ్ ద్వారానో పడాలె, పడ్డదా లేదా అన్నది మినిస్ట్రీకి కనబడాలె. తర్వాత సౌదీలో, ఖతార్‌లో కూడా ఇదే పద్ధతి వచ్చింది. నేను వచ్చిన కొత్తలో జీతం కవర్‌లో చేతికి ఇచ్చేటోళ్లు. ఇస్తే ఇచ్చినట్టు, లేకుంటే వచ్చే నెల. ఇచ్చినట్టు కాగితం మీద వేలిముద్ర ఉంటే చాలు, ఎంత ఇచ్చిండ్రో దేవునికే ఎరుక. ఆ రోజులతో పోలిస్తే ఇప్పుడు ఎంతో నయం. జీతం ఏ తారీఖున పడ్డదో ఎవరూ దాచలేరు.

కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. డబ్ల్యూపీఎస్‌కు తెలిసేది కంపెనీ పంపిన ఫైల్. అందులో నీ పేరు పక్కన ఎంత అంకె ఉంటే అంతే దానికి కనబడుతది. నువ్వు ఆ నెల ఎన్ని గంటలు నిలబడ్డవో దానికి తెలియదు. అంటే మన గంటలు ఆ ఫైల్‌లోకి ఎక్కకముందే మాయమైతే ఏ మినిస్ట్రీ కంప్యూటర్ కూడా దానంతట అది పట్టుకోదు. ఆ గంటలు ఎక్కడెక్కడ మాయమైతయో నేను చూసినవి మూడు చెప్తా.

మొదటిది రాత్రి డ్యూటీ. కొన్నేళ్ల కింద ఒక సైట్‌లో రాఫ్ట్ కాంక్రీట్ పోసినం. సాయంత్రం 6 గంటలకు 22 మంది పంచ్ చేసి లోపలికి పోయిండ్రు. పొద్దున 5:30కి పంచ్ చేసి బస్సెక్కిండ్రు. నెలాఖరుకు చూస్తే 22 మందికీ ఆ రోజు ఆబ్సెంట్. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్‌లో రోజు అర్ధరాత్రి 12కి ముగుస్తది. సాయంత్రం లోపలికి పోయిన పంచ్ ఒక తారీఖులో పడ్డది, పొద్దున బయటికి వచ్చిన పంచ్ ఇంకో తారీఖులో పడ్డది. మొదటి రోజు అవుట్ లేదు, రెండో రోజు ఇన్ లేదు. రెండూ మిస్ పంచ్.

ఆఫీసులో అడిగితే అదే మాట, సిస్టమ్‌లో లేదు. నేను కాంక్రీట్ డెలివరీ నోట్లు తీసుకుపోయిన. ప్రతి ట్రాన్సిట్ మిక్సర్‌కు ఒక చీటీ వస్తది గదా. బండి ప్లాంట్‌లో ఎప్పుడు బయల్దేరింది, సైట్‌కు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు ఖాళీ అయింది, అన్నీ అందులో ఉంటయి. రాత్రి 7 నుంచి పొద్దున 4 దాకా చీటీలు వరుసగా టేబుల్ మీద పెట్టిన. "సార్, ఆ రాత్రి మా మనుషులు లేకుంటే ఈ కాంక్రీట్ ఎవరు పోసిండ్రు?" అని అడిగిన. అప్పుడు సాఫ్ట్‌వేర్ కంపెనీ అబ్బాయికి ఫోన్ చేసిండ్రు. ఆ అబ్బాయి చూసి, రోజు ముగిసే టైమ్‌ను అర్ధరాత్రి నుంచి పొద్దున 8కి మార్చిండు. పది నిమిషాల పని. అది ఆఫీసు టైమింగ్స్‌కు పెట్టిన సెట్టింగ్ అట, ఎవరూ మార్చమని చెప్పలేదట. తర్వాతి నెల జీతంలో 22 మందికీ పైసలు కలిసినయి.

ఇందులో ఎవరూ కావాలని దొంగతనం చేయలేదు. ఎక్కడో ఏసీ రూమ్‌లో కూర్చుని రాసినాయన పొద్దున 9కి వచ్చి సాయంత్రం 6కి పోయే మనిషినే ఊహించుకున్నడు. కాంక్రీట్ రాత్రి పోస్తరని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

రెండోది ముఖం, వేలు, లొకేషన్. సిమెంట్ పట్టి పట్టి మన వేళ్ల మీద గీతలు అరిగిపోతయి. ఊర్లో రేషన్ షాపులో కూలి పని చేసే పెద్దమనుషులకు వేలిముద్ర పడక ఎన్ని తిప్పలో మీకు తెలుసు. ఇక్కడా అంతే. ఫేస్ మెషీన్ వచ్చినంక కొంత నయమైంది గానీ, అది కూడా మనిషిని గుర్తుపట్టదు. ముఖాన్ని అంకెలుగా మార్చి, ముందు దాచిపెట్టిన అంకెలతో పోల్చి, ఇంతవరకు కలిస్తే సరే అనుకుంటది. ఆ 'ఇంతవరకు' ఎంతన్నది ఎవరో ఒక మనిషి పెట్టిన గీత. హెల్మెట్, గాగుల్స్, దుమ్ము, పొద్దు పొడవకముందు చీకటి, ఇవన్నీ అడ్డం. ఇగ ఫోన్ యాప్‌లో పంచ్ చేసేటోళ్లకు జీపీఎస్ బాధ. జీపీఎస్‌కు ఆకాశం కనబడాలె. మూడో బేస్‌మెంట్‌లో వాటర్‌ప్రూఫింగ్ చేసేటోనికి ఆకాశం ఎక్కడిది? ఎత్తు బిల్డింగుల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తది. మనం గేటు లోపల ఉన్నా యాప్ రోడ్డు అవతల ఉన్నమంటది.

మూడోది ఎక్సెల్. ఇది టైమ్‌కీపర్ తమ్ముళ్లు జాగ్రత్తగా వినాలె. ఎక్సెల్‌లో గంటలు కూడితే, మొత్తం 24 దాటినంక మామూలు టైమ్ ఫార్మాట్‌లో మళ్లీ సున్నా నుంచి చూపిస్తది, గోడ గడియారం లెక్క. నెల ఓటీ 37 గంటల 30 నిమిషాలైతే షీట్‌లో 13:30 అని కనబడుతది. లోపల లెక్క సరిగ్గనే ఉంటది, కంటికి కనబడేదే తప్పు. ఆ కనబడిన అంకెనే తీసుకుని జీతం షీట్‌లో టైప్ చేస్తే 24 గంటలు గాయబ్. బేసిక్ 1,000 దిర్హామ్స్ ఉన్నోడికి 30 రోజులు, రోజుకు 8 గంటల లెక్కన మామూలు ఓటీ 25 శాతం కలిపి చూస్తే సరిగ్గా 125 దిర్హామ్స్ పోయినట్టు. దీనికి మందు చిన్నది. సెల్ ఫార్మాట్‌లో గంటలను చూపించే హెచ్ అక్షరం చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టాలె. అప్పుడు 37:30 అనే చూపిస్తది.

కంప్యూటర్ తప్పు చెప్పదు అనే నమ్మకం ఎంత దూరం తీసుకుపోతదో బ్రిటన్‌లో జరిగింది చూడండి. అక్కడి పోస్టాఫీసుల్లో 1999 నుంచి హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పెట్టిండ్రు. తయారు చేసింది ఫుజిత్సు. ఊర్లలో పోస్టాఫీసు నడిపేటోళ్ల లెక్కలో ఉన్నట్టుండి వేల పౌండ్లు తక్కువ చూపించింది. మేం తీసుకోలేదు మొర్రో అన్నా వినలేదు. 2015 దాకా 900 మందికి పైగా నేరస్థులని తేల్చిండ్రు. కొందరు ఇల్లు అమ్ముకుని కట్టిండ్రు, కొందరు జైలుకు పోయిండ్రు. మన భారతీయ మూలాలున్న సీమా మిశ్రా అనే ఆమెను 2010లో జైల్లో పెట్టిండ్రు. అప్పుడు ఆమె గర్భవతి. ఆలన్ బేట్స్ అనే ఆయన ముందుండి 555 మందితో కేసు వేస్తే, 2019లో కోర్టు ఆ పాత సాఫ్ట్‌వేర్ నమ్మదగ్గది కాదన్నది. సీమా మిశ్రా మీద తీర్పు 2021లో కొట్టేసిండ్రు. 2024లో ఏకంగా చట్టం చేసి మిగతావి రద్దు చేసిండ్రు.

వాళ్లు ఇంగ్లీష్ వచ్చినోళ్లు, సొంత దేశంలో ఉన్నోళ్లు, కోర్టుకు పోగలిగినోళ్లు. వాళ్లకే అన్నేళ్లు పట్టింది. భాష రాని దేశంలో ఉన్న మనం ఎంత జాగ్రత్తగా ఉండాలె?

మరి ఏం చేయాలె? మన చేతిలో ఉన్నవి చెప్తా.

ఒకటి, జేబులో చిన్న డైరీ. తారీఖు, లోపలికి పోయిన టైమ్, బయటికి వచ్చిన టైమ్, ఏ సైట్, ఏం పని, ఫోర్‌మన్ ఎవరు. అదే రోజు రాయాలె. నెలాఖరుకు కూర్చుని 30 రోజులు ఒక్కసారే రాస్తే ఎవరూ నమ్మరు. రాయరానోళ్లు ఇంటికి రోజూ వాయిస్ మెసేజ్ పెడతరు గదా, అందులో ఒక్క మాట కలపండి. "ఇవాళ 6కి పోయిన, రాత్రి 8కి వచ్చిన, స్లాబ్ పని" అని. తారీఖు, టైమ్ ఫోనే వేస్తది. ఇంట్లోళ్లకు ఆ మెసేజ్‌లు తుడిచేయొద్దని చెప్పండి.

రెండు, పంచ్ చేసి ఉరకొద్దు. టిక్ పడేదాకా ఆగండి. పడకపోతే అక్కడికక్కడే ఫోర్‌మన్‌కు చెప్పి, వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టండి. మీ ఫోన్‌లో మీ యాప్ స్క్రీన్‌షాట్ తీసుకోవచ్చు. కానీ పక్కోళ్ల ఫొటోలు, ఆఫీసు కాగితాల ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు. ఇక్కడి సైబర్ చట్టం చాలా గట్టిది. న్యాయం మీ దిక్కే ఉన్నా కేసు మీ మీదనే అయితది.

మూడు, అడిగే పద్ధతి. "జీతం తక్కువ పడ్డది" అంటే సిస్టమ్‌లో ఇంతే అంటరు, మాట అక్కడికే ఖతమ్. "12వ తారీఖు రాత్రి నా ఇన్ ఉంది, అవుట్ లేదు, ఒకసారి పంచ్ లాగ్ చూపించండి" అని అడగండి. పంచ్ లాగ్ అంటే మెషీన్ పట్టిన అసలు టైమ్‌లు. జీతం షీట్ దాని మీద కట్టిన లెక్క. తప్పు ఎక్కువగా లెక్కలో ఉంటది, లాగ్‌లో కాదు.

నాలుగు, చట్టం ఏమంటదో తెలిసి ఉండాలె. యూఏఈలో 2021 నాటి 33వ నంబర్ చట్టం ప్రకారం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48. ఓటీ రోజుకు 2 గంటలు మించొద్దు. ఓటీకి బేసిక్ లెక్క మీద 25 శాతం ఎక్కువ. రాత్రి 10 నుంచి పొద్దున 4 మధ్య అయితే 50 శాతం. షిఫ్ట్ డ్యూటీ వాళ్లకు ఈ రాత్రి లెక్క వర్తించదు. కంపెనీలో మాట తెగకపోతే మినిస్ట్రీ యాప్‌లో ఫిర్యాదు ఉంది. దుబాయ్‌లో మన ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రం టోల్ ఫ్రీ నంబర్ 80046342. సలహా అడిగితే తప్పేం లేదు.

నా తోటి సూపర్‌వైజర్లకు, ఫోర్‌మన్లకు కూడా ఒక మాట. మన కింద ఉన్నోళ్ల టైమ్‌షీట్ మీద సంతకం చేసేది మనం. మెషీన్ ఉంది గదా అని సైట్ రిజిస్టర్ రాయడం మానేయకండి. మెషీన్ తప్పినప్పుడు ఆ పేద మనిషికి ఉన్న ఒక్క సాక్ష్యం మన చేతిరాతే.

ఇగ ఈ ముచ్చట వింటున్న చాలామంది ఇంట్ల పిల్లలు సీఎస్ఈ చదువుతున్నరు. నా బిడ్డ కూడా అదే చదువుతున్నది. రేపు ఆ పిల్లలే ఇలాంటి అటెండెన్స్ యాప్ రాస్తరేమో. ఫోన్ చేసినప్పుడు మార్కులు ఎన్నొచ్చినయి అనే కాదు, మన పని ఎట్లుంటదో కూడా చెప్పండి. రాత్రి కాంక్రీట్ గురించి, బేస్‌మెంట్ గురించి, అరిగిపోయిన వేళ్ల గురించి చెప్పండి. కాలేజీలో ఇది ఎవరూ చెప్పరు. నేను చెప్తే నా బిడ్డ అడిగింది, "నాన్నా, మరి మిస్ పంచ్ పడితే ఆ మనిషికి మెసేజ్ రాదా?" అని. రాదు బిడ్డా అన్న. "అదొక్కటి పెడితే అయిపోయేది గదా" అన్నది. నిజమే, ఆబ్సెంట్ వేసే ముందు ఆ మనిషిని ఒక్క మాట అడిగే మెసేజ్ ఉంటే సగం గొడవలు ఉండవు.

వచ్చే ఎపిసోడ్‌లో సెలవు మీద ఇంటికి పోయేటప్పుడు ఫైనల్ లెక్కలు ఎట్ల చూసుకోవాలో మాట్లాడుకుందాం. ఈ నెల పేస్లిప్ వచ్చినంక మీ డైరీతో పోల్చి చూసుకోండి, తేడా ఉంటే వాయిస్ మెసేజ్ పెట్టండి. కంపెనీ పేరు చెప్పకండి, సంగతి చెప్తే చాలు. ఎండలు ముదురుతున్నయి, నీళ్లు తాగుతూ ఉండండి. ఉంటా మరి.