జట్టును నడిపేవాడు: రహీం సాబ్ నేర్పిన పాఠం
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



పదిమంది కలిసి పనిచేయాలంటే నాయకుడు ఏం చేయాలి అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు కోరారు. నేను బడిలో ఉర్దూలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి. అయినా ఈ సంచిక చేరే ఇళ్లలో తెలుగు చదివే పిల్లలు చాలామంది ఉన్నారు గనుక తెలుగులోనే చెబుతాను.

సంఘాలలో పని ఎక్కడ ఆగుతుందో మీకందరికీ తెలుసు. చందా లేక ఆగేది కొంత. సదర్ సాబ్‌కు, ఖజాంచి సాబ్‌కు మాటలు లేక ఆగేది అంతకంటే ఎక్కువ. అర్జీ ఒకరి జేబులో ఉంటుంది, రిజిస్టరు ఇంకొకరి ఇంట్లో, బీరువా తాళంచెవి మూడోవారి దగ్గర. ముగ్గురూ మంచివారే, ముగ్గురూ ఖౌమ్ మేలు కోరేవారే. కాని ఈలోగా ఒక పేదపిల్ల పరీక్ష ఫీజు గడువు దాటిపోతుంది. నష్టపోయేది కమిటీ కాదు, ఆ పిల్ల.

మన కొండకల్‌లో 2023లో రైలు కోచ్‌ల కర్మాగారం ప్రారంభమైంది గదా. ఒక బోగీ తయారు కావాలంటే వెల్డింగు చేసేవాడు, వైర్లు లాగేవాడు, రంగు వేసేవాడు ఒకరి పని ఒకరికి అందేటట్టు చేయాలి. ఇనుప బోగీకే ఇంత పొందిక కావాలంటే మనసులున్న మనుషుల సంఘానికి ఎంత కావాలి!

ఈ విద్య నేర్చుకోవడానికి మనం దూరదేశాలు పోనక్కరలేదు. మన హైదరాబాదు వారే, నా వంటి బడిపంతులే, సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1909లో పుట్టారు. ఉపాధ్యాయ వృత్తి చేస్తూనే ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా 5 సార్లు రోవర్స్ కప్పు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం దక్కించుకుంది. 2024లో ఆయన కథతో మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. మన కుర్రవాళ్లు చూసే ఉంటారు.

రహీం సాబ్ మొదట చేసిన పని మనిషిని చదవడం. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో తులసీదాస్ బలరాం అనే పేద కుర్రవాడు ఉండేవాడు. కాలిలో విద్య ఉంది, కాని శిక్షణకు రోజూ అంత దూరం రావడానికి చేతిలో పైస లేదు. రాలేదేమని రహీం సాబ్ కోప్పడలేదు. ఎందుకు రాలేడో తెలుసుకొని సైకిలు సదుపాయం చేశారు. ఆ కుర్రవాడే 1956లో ఒలింపిక్స్ ఆడాడు, 1962లో బంగారు పతకం గెలిచిన జట్టులో నిలిచాడు. మన మీటింగుకు రానివాణ్ణి చూసి "వాడికి శ్రద్ధ లేదు" అని తీర్పు చెప్పడం ఒక్క నిమిషం పని. వాడింటికి పోయి, కూర్చొని, సంగతి అడగడం నాయకుడి పని.

రెండవది, బంతిని అందించడం నేర్పడం. బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకుంటూ ఒక్కడే పోరాదు, తోటివాడికి అందించాలి అనే నిబంధన పెట్టి ఆయన పోటీలు జరిపించేవారు. బలహీనమైన కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. మన సంఘాల్లోనూ ఇటువంటి ఆటగాళ్లు ఉంటారు. చందా రాసేది తానే, లెక్క చూసేది తానే, తహసీలు ఆఫీసుకు తిరిగేది తానే. పాపం, కష్టపడతాడు. కాని అతను మంచాన పడ్డ నాడు సంఘం కూడా మంచాన పడుతుంది. నలుగురికి పని పంచితే తన గౌరవం తగ్గుతుందని భయపడరాదు. జట్టు గోలు కొడితే అందించినవాడి పేరు కూడా జనం చెప్పుకుంటారు.

మూడవది, ఓటమి వచ్చినప్పటి నడవడి. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడింది. మనవాళ్లలో పలువురు ఉత్తకాళ్లతో ఆడారు. ఆ తరువాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లలో అదే దేశపు జట్టు ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి ఎదిగింది. "తప్పు ఎవరిది" అని అడిగితే మనుషులు విడిపోతారు. "లోపం ఎక్కడుంది" అని అడిగితే దగ్గరవుతారు.

నాలుగవది, మనిషికి తగిన చోటు చూపడం. జకార్తాలో మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడిపోయాం. ఆతిథ్య దేశం ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వలేదని ఒక భారత అధికారి అభ్యంతరం చెప్పడంతో అక్కడి జనమంతా మనమీద మండిపడుతున్నారు. రక్షణలో ఆడే జర్నైల్ సింగ్ తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని ఇంటికి పంపలేదు, ముందువరుసకు మార్చారు. సెమీఫైనల్‌లో అతను గోలు కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్‌లో మళ్లీ అదే కొరియా. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, మొదటి 20 నిమిషాల్లోనే రెండు గోళ్లు! చివరికి 2-1తో మనమే గెలిచాం. పంజాబీ, బెంగాలీ, మలయాళీ, హైదరాబాదీ, అన్ని మతాలవారూ ఆ జట్టులో ఉన్నారు. వారిని ఒక్కటి చేసినది ఉపన్యాసం కాదు; ఈ మనిషికి నా బలం తెలుసు, నా బాధ కూడా తెలుసు అనే నమ్మకం.

అప్పటికే రహీం సాబ్‌కు ఊపిరితిత్తుల క్యాన్సరు. 1963 జూన్‌లో కన్నుమూశారు. ఆ తరువాత భారత ఫుట్‌బాల్‌కు ఏషియన్ గేమ్స్ బంగారు పతకం మళ్లీ రాలేదు. అంతటి ఉస్తాద్ పోయాక ఆ చోటు నిండలేదంటే, మన చిన్న సంఘం మాటేమిటి? మనం ఉండగానే మన తరువాతివారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి.

అందుచేత కార్యవర్గానికి నా మనవి ఇది. ప్రతి పనికి ఇద్దరిని పెట్టండి, ఒక పెద్ద, ఒక యువకుడో యువతియో. నెలకొకసారి హిసాబు అందరి ముందు చదివించండి, అడిగినవారిని అనుమానించేవారుగా చూడవద్దు. రెండు మీటింగులకు రానివారి ఇంటికి నోటీసు కంటే ముందు మనిషి పోవాలి. మెచ్చుకోవడం పదిమందిలో, మందలించడం ఒంటరిగా జరగాలి. అర్జీ వచ్చిన రోజే దానిమీద తేదీ, బాధ్యుడి పేరు వేయండి. ఏ పిల్ల ఫీజు గడువూ మన పట్టింపుల వల్ల దాటకుండా ఉంటే, అదే మన బంగారు పతకం.